సభ వాయిదా పడింది సరే, ప్రోరోగ్ అయిందా?

అసెంబ్లీ సమావేశాలు నడుస్తున్నాయని నాంపల్లి, లక్డీకాపూల్, రవీంద్రభారతి మీదుగా రోజూ తిరిగేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. బారికేడ్లు, మలుపు మలుపుకీ పోలీసులు, ఎప్పుడు ఎటు మళ్లిస్తారో తెలియని ట్రాఫిక్. చివరి రోజున స్పీకర్ సభను నిరవధికంగా వాయిదా వేస్తారు. మర్నాడు పేపర్లో ‘అసెంబ్లీ నిరవధిక వాయిదా’ అని హెడ్డింగు వస్తుంది. సమావేశాలు అయిపోయాయని అందరం అనుకుంటాం. కొన్నాళ్లకు, ఒక్కోసారి నెలలు గడిచాక, లోపలి పేజీలో ఓ మూల రెండు లైన్లు కనిపిస్తాయి: ఉభయ సభలను ప్రోరోగ్ చేస్తూ గవర్నర్ ఉత్తర్వులు, గెజిట్ విడుదల. చదివీ చదవనట్టు పేజీ తిప్పేస్తాం.

సమావేశాలు నిజంగా ముగిసేది ఆ రెండు లైన్లతోనే. ఆ హెడ్డింగుకీ ఈ రెండు లైన్లకీ మధ్య సభ కూర్చోదు, కానీ సెషన్ బతికే ఉంటుంది. ఆ మధ్య కాలాన్ని ఎంత సాగదీయాలి, ఎప్పుడు తెంచాలి అన్నది తెలిసినవాళ్ల చేతిలో ప్రోరోగ్ అనే ఈ అరుదైన ఇంగ్లిష్ క్రియ పెద్ద పనిముట్టు. 2022లో, మళ్లీ 2023లో హైదరాబాద్‌లోనే దాని చుట్టూ ఎంత గొడవ నడిచిందో చూశాం. అందుకే ఈ మాట ఎక్కడ పుట్టింది, ఎవరెవరి చేతులు మారి మన అసెంబ్లీ దాకా వచ్చింది అన్నది కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి.

ముందు అర్థం. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్‌కి చదివే పిల్లలు దీన్ని ఒక టేబుల్‌గా బట్టీ పడతారు: అడ్జర్న్‌మెంట్, ప్రోరోగేషన్, డిసల్యూషన్. వాయిదా వేసేది స్పీకర్, మండలిలో అయితే చైర్మన్. అది గంటసేపు కావచ్చు, రేపటిదాకా కావచ్చు, మళ్లీ ఎప్పుడో చెప్పకుండా నిరవధికంగానూ కావచ్చు. ఏ వాయిదా అయినా సెషన్ కొనసాగుతున్నట్టే లెక్క. ప్రోరోగ్ చేసేది గవర్నర్, రాజ్యాంగంలోని 174వ అధికరణం కింద. దాంతో సెషన్ ముగుస్తుంది కానీ సభ ఉంటుంది, ఎమ్మెల్యేలు ఎమ్మెల్యేలుగానే ఉంటారు. రద్దు అంటే సభే పోతుంది. 2018 సెప్టెంబర్ 6న కేసీఆర్ మంత్రివర్గం సిఫార్సుతో తెలంగాణ తొలి అసెంబ్లీ అలా రద్దయ్యే ముందస్తు ఎన్నికలు వచ్చాయి.

పరీక్షకు ఈ టేబుల్ సరిపోతుంది. అందులో మామూలుగా కనిపించని విషయం ఒకటుంది: సభను మళ్లీ పిలిచే హక్కు ఎవరిది? నిరవధిక వాయిదా అంటే షట్టర్ దించి తాళంచెవి స్పీకర్ తన జేబులోనే ఉంచుకోవడం. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆయనే తెరవొచ్చు, గవర్నర్‌ని అడగక్కర్లేదు. ప్రోరోగ్ అయితే ఆ తాళంచెవి గవర్నర్ దగ్గరికి పోతుంది. మళ్లీ తెరవాలంటే గవర్నర్ పేరుతో కొత్త పిలుపు రావాలి. పైకి చూస్తే రెండూ సభ లేని రోజులే. లోపల అధికారం మాత్రం చేతులు మారిపోయి ఉంటుంది.

ఇక పుట్టుక. ప్రోరోగ్ అనగానే తెలుగు చెవికి రోగం తగులుతుంది, ఇంగ్లిష్ చెవికి రోగ్ తగులుతుంది. మాట మూలంలో ఉన్నది లాటిన్ ‘రొగారే’. అంటే అడగడం. పోలీసులు చేసే ఇంటరాగేషన్‌లో ఉన్నదీ అదే అడగడం. రోమన్ రిపబ్లిక్‌లో ఈ మాటకు పెద్ద బరువుండేది, ఎందుకంటే అక్కడ చట్టం చేయడం అంటేనే జనాన్ని అడగడం. అధికారి ప్రజాసభ ముందు నిలబడి ప్రతిపాదన చదివి, ‘ఇది మీకు సమ్మతమేనా, ఇలా ఆజ్ఞాపిస్తారా పౌరులారా, ఇదే మిమ్మల్ని అడుగుతున్నాను’ అనేవాడు. ఆ ప్రతిపాదన పేరే ‘రొగాతియో’, అంటే అడిగినది. ఒప్పుకునేవాళ్లు ‘ఊటీ రొగాస్’ అనేవాళ్లు, నువ్వు అడిగినట్టే కానీ అని. ఒప్పుకోనివాళ్లు ‘ఆంటీక్వో’ అనేవాళ్లు, పాతదే ఉండనీ అని. క్రీ.పూ. 131లో చట్టాల మీద కూడా రహస్య ఓటింగ్ వచ్చాక నోటితో చెప్పడం పోయి, ఆ మాటల మొదటి అక్షరాలతో పలకలు వేయడం మొదలైంది.

ఈ అడగడం నుంచే ఇంగ్లిష్‌లోకి పాలనకు సంబంధించిన ఒక కుటుంబమే వచ్చింది. అబ్రొగేట్ అంటే చట్టాన్ని కొట్టేయడం: జనాన్ని అడిగి పెట్టినదాన్ని జనాన్ని అడిగే తీసేయడం. డెరొగేట్ అంటే మొదట్లో చట్టంలో కొంత భాగాన్ని తగ్గించడం. ప్రెరొగేటివ్ కథ అన్నిటికన్నా ఆసక్తికరం. రోమ్‌లో జనం జట్లుగా ఓటేసేవాళ్లు. ముందుగా ఓటు వేసే జట్టును చీటీ తీసి ఎంచుకునేవాళ్లు. ఆ జట్టు పేరు ‘ప్రైరొగాతీవా’, మొట్టమొదట అడగబడినది. మొదట వేసినవాళ్ల ఓటు చూసి మిగతావాళ్లు మొగ్గు చూపేవాళ్లు కాబట్టి వాళ్లకు ప్రత్యేకమైన విలువ. అలా ఓటర్ల జట్టుకు ఉన్న ఆ పేరు శతాబ్దాలు గడిచేసరికి ఎవరినీ అడగకుండా రాజు వాడుకునే ప్రత్యేకాధికారానికి పేరైంది. ప్రోరోగ్ కూడా సరిగ్గా అదే దారిలో నడిచింది.

లాటిన్‌లో ‘ప్రొరొగారే’ అంటే అడిగి ముందుకు జరపడం, గడువు పెంచడం. దీనికి బాగా పేరున్న తొలి ఉదాహరణ క్రీ.పూ. 326 నాటిది. క్వింటస్ పబ్లీలియస్ ఫీలో అనే కాన్సుల్, అంటే జనం ఎన్నుకున్న అత్యున్నత అధికారి, ఇప్పటి నేపుల్స్ ఉన్నచోట గ్రీకు నగరాన్ని ముట్టడించి ఉన్నాడు. కాన్సుల్ పదవి ఏడాదే. నగరం ఇవాళో రేపో లొంగేలా ఉంది, ఆయన గడువు దగ్గరపడింది. సగంలో సేనాపతిని మారిస్తే పని చెడుతుంది. అప్పుడు ట్రిబ్యూన్లు, అంటే సామాన్య జనం తరఫు అధికారులు, విషయాన్ని జనం ముందు పెట్టారు: పదవి ముగిసినా యుద్ధం తేలేదాకా ఆయన కాన్సుల్ స్థానంలో పనిచేయవచ్చా? జనం సరే అన్నారు. ప్రోకాన్సుల్ అనే హోదాకు దారి పడింది అక్కడే. ఇక్కడ పెంచింది ఒక మనిషి అధికారానికి గడువు, పెంచినవాళ్లు జనం.

తర్వాత అది అలవాటైంది. యుద్ధాలు దూరమైనకొద్దీ సెనేట్ తనంతట తానే గడువులు పెంచేయడం మొదలుపెట్టింది, ప్రతిసారీ జనాన్ని అడగడం పోయింది. ‘అడగడం’ మాటలో మిగిలింది, పనిలో పోయింది. ఏడాది పదవి చూసుకుని దిగిపోవాల్సినవాళ్లు ఏళ్ల తరబడి సైన్యాలతో ఉండిపోయారు. జూలియస్ సీజర్‌కి గాల్‌లో ఉన్న అధికారాన్ని క్రీ.పూ. 55లో ఇంకో ఐదేళ్లు పెంచారు, అదైతే చట్టం చేసే పెంచారు. తన గడువు ముగింపు మీద తగాదా ముదిరిన తర్వాతే ఆయన సైన్యంతో ఇటలీలోకి దిగాడు.

ఈ మాట ఫ్రెంచ్ మీదుగా 15వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ‘పొడిగించడం’ పక్కనే ‘తర్వాతికి నెట్టడం’ అనే అర్థం కూడా చేరింది. ఈ మలుపు దగ్గరే చాలామంది తికమకపడతారు: పొడిగించడం అనే మాట ముగించడం ఎలా అయింది? తేదీని పొడిగిస్తే పని వెనక్కి పోతుంది. పార్లమెంటు కూర్చోవాల్సిన తేదీని రాజు తర్వాతికి నెడితే, ఈ రోజుకి సభ లేనట్టే. అలా వాయిదా నుంచి ముగింపుకి జారింది. షేక్‌స్పియర్ కాలానికి వాయిదా అర్థం ఇంకా మామూలు మాటల్లో ఉంది. జూలియెట్ ఇంటి తోటలో రోమియో, నీ ప్రేమ లేకుండా చావు ప్రోరోగ్ కావడం కన్నా మీవాళ్ల పగకు ఇప్పుడే పోవడం మేలంటాడు. ఈ రోజుల్లో చావుకీ పెళ్లికీ ఎవరూ ఆ మాట వాడరు. వాడుకలో మిగిలింది చట్టసభలకే. ఇంగ్లిష్‌వాళ్ల నోట అది ‘ప్రరోగ్’కి దగ్గరగా వినిపిస్తుంది, మన పేపర్లలో ప్రోరోగ్‌గా స్థిరపడింది.

ఇంగ్లండ్ రాజులకు ఇది చాలా అనువైన ఆయుధం. రద్దు చేస్తే ఎన్నికలు పెట్టాలి, కొత్తవాళ్లు ఎలాంటివాళ్లు వస్తారో తెలియదు. ప్రోరోగ్ చేస్తే పాతవాళ్లే ఉంటారు, నోరు మాత్రం తెరవలేరు. రెండో చార్లెస్ 1675 నవంబర్‌లో పార్లమెంటును ప్రోరోగ్ చేసి 1677 ఫిబ్రవరి దాకా, దగ్గరదగ్గర 15 నెలలు, పిలవలేదు. ఏడాది దాటింది కాబట్టి ఈ పార్లమెంటు దానంతటదే రద్దయిపోయినట్టేనని షాఫ్ట్‌స్‌బరీ ప్రభువు, ఇంకో ముగ్గురు ప్రభువులు వాదించారు. నలుగురినీ లండన్ టవర్‌లో ఖైదు చేశారు.

రాజుల చేతిలోని ఈ అధికారం తర్వాత ప్రధానుల చేతికొచ్చింది. 2008 డిసెంబర్‌లో కెనడా ప్రధాని స్టీఫెన్ హార్పర్ మీద అవిశ్వాస ఓటింగ్‌కి ప్రతిపక్షాలు చేతులు కలిపాయి. ఓటింగ్‌కి నాలుగు రోజుల ముందు ఆయన గవర్నర్ జనరల్ మిషెల్ జాన్ దగ్గరికెళ్లి పార్లమెంటును ప్రోరోగ్ చేయించుకున్నారు. జనవరి ఆఖరుకు సభ తిరిగి కూర్చునేసరికి ప్రతిపక్షాల పొత్తు చెదిరిపోయింది. బ్రిటన్‌లో 2019లో ప్రధాని బోరిస్ జాన్సన్, యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చే బ్రెగ్జిట్ గడువు అక్టోబర్ 31న ముంచుకొస్తుండగా, సెప్టెంబర్ రెండో వారం నుంచి ఐదు వారాలపాటు పార్లమెంటును ప్రోరోగ్ చేయించారు. సెప్టెంబర్ 24న అక్కడి సుప్రీంకోర్టు 11 మంది జడ్జీలూ ఒకే మాటగా అది చెల్లదని తేల్చారు. రాణి తరఫున కమిషనర్లు పార్లమెంటులోకి ఉత్తర్వు బదులు తెల్లకాగితం పట్టుకొచ్చినట్టే లెక్క అన్నారు. మర్నాడే సభ కూర్చుంది. రోమ్‌లో ఓటర్లకు చెందిన ప్రెరొగేటివ్, ప్రొరొగారే అనే రెండు మాటలూ రెండు వేల ఏళ్లు దాటాక ఒకే కేసులో ఎదురెదురు పడ్డాయి: రాజరికపు ప్రెరొగేటివ్‌తో చేసిన ప్రోరోగేషన్‌ను కోర్టు పరిశీలించవచ్చా అన్నదే అక్కడి అసలు ప్రశ్న.

బ్రిటిష్‌వాళ్లు చేసిన 1935 భారత ప్రభుత్వ చట్టం నుంచి ఈ ఏర్పాటు మన రాజ్యాంగంలోకి వచ్చింది, కొన్ని మంచి మార్పులతో. బ్రిటన్‌లో ప్రోరోగ్ అయితే పూర్తికాని బిల్లులు మామూలుగా పడిపోతాయి, కొన్నిటిని మాత్రమే తర్వాతి సెషన్‌కి తీసుకెళ్లే వీలుంది. మన దగ్గర ప్రోరోగేషన్ వల్ల బిల్లు పోదని 196వ అధికరణం నేరుగా చెబుతుంది. ఒక సెషన్‌లో సభ చివరిసారి కూర్చోవడానికీ తర్వాతి సెషన్‌లో మొదటిసారి కూర్చోవడానికీ మధ్య ఆరు నెలలు దాటకూడదు కాబట్టి రెండో చార్లెస్‌లా 15 నెలలు మూసి ఉంచడమూ కుదరదు. గవర్నర్ తన ఇష్టానికి పిలవడం, ముగించడం చేయలేరని, మంత్రివర్గం సలహా మేరకే చేయాలని 2016లో అరుణాచల్ ప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి సంతకం గవర్నర్‌దే అయినా నిర్ణయం ముఖ్యమంత్రిది.

అక్కడే చిక్కు మొదలవుతుంది. ప్రభుత్వాలకు ప్రోరోగ్ చేయడమూ లాభమే, చేయకపోవడమూ లాభమే, అవసరాన్ని బట్టి.

చేయడంలో లాభం ఆర్డినెన్సు, అంటే సభ ఆమోదం లేకుండా చట్టంలా అమలయ్యే తాత్కాలిక ఉత్తర్వు. సభ సెషన్‌లో ఉండగా ఆర్డినెన్సు తేవడం కుదరదు. నిరవధికంగా వాయిదా పడినా సెషన్ బతికి ఉన్నట్టే కాబట్టి, ముందు ప్రోరోగ్ చేసి తీరాలి. రెండు సభలున్నచోట ఇంకో వెసులుబాటు ఉంది. రెండూ సెషన్‌లో ఉంటేనే అడ్డు. ఒక్కదాన్ని ప్రోరోగ్ చేసినా దారి తెరుచుకుంటుంది. 2015లో భూసేకరణ ఆర్డినెన్సు గడువు తీరిపోతుంటే కేంద్రం చేసింది ఇదే. బడ్జెట్ సెషన్ మధ్య విరామంలో, మార్చి 28న, రాజ్యసభను ఒక్కదాన్నే ప్రోరోగ్ చేసింది. ఏప్రిల్ 3న ఆర్డినెన్సు మళ్లీ వచ్చింది. మండలి ఉన్న తెలంగాణకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఒక్కోసారి ప్రోరోగ్ వల్ల మేలూ జరుగుతుంది, అదీ చెప్పాలి. 1968 మార్చిలో పంజాబ్ అసెంబ్లీ స్పీకర్ గందరగోళం మధ్య సభను రెండు నెలలు వాయిదా వేసేశారు. మార్చి 31లోపు బడ్జెట్ ఆమోదం పొందకపోతే ఖజానా నుంచి రూపాయి తీయలేని పరిస్థితి. తాళంచెవి స్పీకర్ దగ్గరుంది. గవర్నర్ మార్చి 11న సభను ప్రోరోగ్ చేసి, ఆ రెండు నెలల వాయిదాను అక్కడికక్కడే చెల్లకుండా చేసి, 18న కొత్త సెషన్‌కి పిలిచారు. సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

చేయకపోవడంలో లాభం ఏమిటో మనకు హైదరాబాద్‌లో తెలిసింది. ఏడాదిలో మొదటి సెషన్ మొదట్లో గవర్నర్ ప్రసంగించాలని 176వ అధికరణం. మొదట రాసినప్పుడు ప్రతి సెషన్‌కీ ప్రసంగం ఉండేది. 1951లో వచ్చిన తొలి సవరణ దాన్ని ఎన్నికల తర్వాతి తొలి సెషన్‌కీ, ఏటా తొలి సెషన్‌కీ తగ్గించింది. ఇక్కడ మాట ‘సెషన్’ అని గమనించాలి. ఏడాదిలో తొలిసారి కూర్చోవడం వేరు, ఏడాదిలో తొలి సెషన్ వేరు. తెలంగాణ అసెంబ్లీ 2021 అక్టోబర్‌లో నిరవధికంగా వాయిదా పడింది, ప్రోరోగ్ కాలేదు. 2022 మార్చి 7న బడ్జెట్‌కి కూర్చున్నప్పుడు ఇది పాత సెషన్‌కే కొనసాగింపు అని ప్రభుత్వం చెప్పింది. కొత్త సెషన్ కాదు కాబట్టి గవర్నర్ ప్రసంగం లేదు. అప్పటికి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్‌కీ కేసీఆర్ ప్రభుత్వానికీ పొసగడం లేదన్నది ఊరంతా తెలిసిన విషయం. ఆమె అభ్యంతరం చెబుతూ ప్రకటన ఇచ్చారు, అయినా బడ్జెట్‌కి అనుమతి ఆపలేదు. ఆర్థిక మంత్రి హరీశ్‌రావు ఆ రోజే బడ్జెట్ పెట్టారు.

చట్టం ప్రకారం ప్రభుత్వ వాదనలో తప్పు పట్టడం కష్టం. అయినా నా దృష్టిలో అక్కడ నష్టపోయింది గవర్నర్ కన్నా ఎక్కువగా సభ. ఆ ప్రసంగం ఎలాగూ మంత్రివర్గం రాసిచ్చేదే, గవర్నర్ చదువుతారంతే. దాని తర్వాత వచ్చే ధన్యవాద తీర్మానం మీద చర్చే అసలైనది. ఏడాదంతా ప్రభుత్వం చేసినదాని మీద, చేయనిదాని మీద, ఏ శాఖ అని లేకుండా, ఏ ఎమ్మెల్యే అయినా మాట్లాడే అరుదైన అవకాశం అది. గవర్నర్‌తో తగాదా తీర్చుకునే క్రమంలో ఆ చర్చ ఎగిరిపోయింది.

2023లోనూ అదే దారిలో నడిచేలా కనిపించింది, ఈసారి మాత్రం ఇంకోచోట ముడిపడింది. బడ్జెట్ ప్రవేశపెట్టడానికి గవర్నర్ సిఫార్సు కావాలి, అది రాలేదు. జనవరి 30న ప్రభుత్వం హైకోర్టు తలుపు తట్టింది. రాజ్యాంగ పదవుల తగాదాలోకి తమను లాగడం దేనికన్నట్టు కోర్టు మాట్లాడటంతో రెండు పక్కల లాయర్లూ కూర్చుని రాజీకొచ్చారు. గవర్నర్ ప్రసంగం ఉంటుంది, బడ్జెట్‌కి అనుమతీ వస్తుంది. ఫిబ్రవరి 3న తమిళిసై ఉభయసభల ముందు ప్రసంగించారు, 6న బడ్జెట్ వచ్చింది.

ప్రోరోగ్ చేయకుండా వదిలేసిన సభను స్పీకర్ తనంతట తానే పిలవొచ్చా అన్న ప్రశ్న అదే ఏడాది పంజాబ్ నుంచి సుప్రీంకోర్టుకి వెళ్లింది. మార్చిలో నిరవధికంగా వాయిదా పడిన సభను స్పీకర్ జూన్‌లో కూర్చోబెట్టి బిల్లులు పాస్ చేయించారు. ఆ సమావేశమే చెల్లదంటూ గవర్నర్ బన్వారీలాల్ పురోహిత్ వాటిని ఆపారు. ప్రోరోగ్ కాలేదు కాబట్టి స్పీకర్ పిలవడం సక్రమమేనని నవంబర్ 10న కోర్టు చెప్పింది. అలా నిరవధిక వాయిదాకూ ప్రోరోగ్‌కూ మధ్య గీత ఇంకా గట్టిపడింది.

పేపర్లో రాని ఒక ప్రభావం మిగిలి ఉంది, మామూలు పౌరుడికి దగ్గరగా తగిలేది అదే. సభ్యులు తీర్మానాల కోసం, చర్చల కోసం ఇచ్చిన నోటీసులు ప్రోరోగ్‌తో పడిపోతాయి. లోక్‌సభ నిబంధనల్లో 335వది ఇదే చెబుతుంది, బిల్లు ప్రవేశపెట్టే నోటీసును మాత్రం మినహాయించి. వానాకాలంలో మీ బస్తీ నాలా పొంగి ఇళ్లలోకి నీళ్లొచ్చాయని మీ ప్రతినిధి చర్చకు నోటీసు ఇచ్చి, దాని వంతు రాకముందే సభ నిరవధికంగా వాయిదా పడిందనుకోండి. గెజిట్‌లో ఆ రెండు లైన్లు రానంతకాలం ఆ కాగితం ఫైల్లో బతికే ఉంటుంది. వచ్చిన రోజు నుంచి కొత్త సెషన్‌కి కొత్తగా రాసి ఇవ్వాల్సిందే. ఇచ్చారా లేదా అని అడగాల్సింది ఆయన్నే.